ఇతరాల గడి

ఈ సభకు పెద్దగా కూర్చున్న మా పెద్దసారు గారికి, ఆయన పక్కన కూర్చున్న మోడల్ సారు గారికి, మోకాళ్ళు సహకరించకపోయినా రెండు బస్సులు మారి వచ్చిన మా పెద్దక్కకు, కూడళ్ళలో నాతోపాటు నిలబడిన అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, చివరి వరసలో తలుపు దగ్గర కూర్చుని 'త్వరగా కానీ' అని ఇప్పటినుంచే చేత్తో సైగ చేస్తున్న మా ఆయనకు, అందరికీ నా నమస్కారాలు. (నవ్వులు)

నా గొంతు చిన్నదని మీకందరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ళు రోడ్డు పక్కన నిలబడి పనిచేసినదానికి గొంతు పెద్దదవ్వాలి, కానీ హారన్ల మధ్య అరిచి ప్రయోజనం లేదని మొదటి వారంలోనే తెలిసిపోయి, నేను మాట్లాడటమే తగ్గించేశాను. మైకు కాస్త దగ్గరకు జరిపినందుకు సంతోషం, బాబూ. నేను చదువుకున్నది పదో తరగతి. సభలో మాట్లాడటం ఇదే మొదలు, ఇదే ఆఖరు. అందుకని కాగితం మీద రాసుకొచ్చాను. మధ్యలో ఆగితే మరిచిపోయాననుకోకండి, ఊపిరి తీసుకుంటున్నాననుకోండి.

నా గురించి ఇందాక చాలా మంచి మాటలు చెప్పారు. ఓర్పు అన్నారు, నిబద్ధత అన్నారు. వింటుంటే పక్కన ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను. నిజం చెప్పాలంటే నాకిప్పుడు ఓర్పు లేదు, అలసట ఉంది. రెండూ బయటికి ఒకలాగే కనిపిస్తాయి. కదలకుండా కూర్చున్న మనిషిని చూసి ఓర్పుగా ఉందంటారు, లేవలేక కూర్చుందని ఎవరికి తెలుస్తుంది?

కొత్తగా వచ్చినవాళ్ళు కొందరున్నారు కాబట్టి మా పనేమిటో రెండు ముక్కలు చెబుతాను. ఈ నగరంలో ఏ వీధిలో బళ్ళ పొగ ఎంతుందో చెప్పడం మన విభాగం పని. ప్రతి వీధిలోనూ పొగ కొలిచే యంత్రం పెట్టలేరు. అందుకని ఏ రకం బళ్ళు ఎన్ని వెళ్ళాయో లెక్కపెడతారు, ఎంత వేగంతో వెళ్ళాయో చూస్తారు, ఏ రకం బండి ఒక కిలోమీటరుకు ఎంత పొగ వదులుతుందో ముందే ఒక పట్టిక ఉంటుంది, ఇవన్నీ కంప్యూటర్లో పెడితే అది హెచ్చవేసి, కూడి, పటం మీద వీధికో రంగు వేస్తుంది. తక్కువైతే పచ్చ, మధ్యస్తమైతే పసుపు, ఎక్కువైతే ఎరుపు. కడగాల్సిన పళ్ళేలు చూసి ఎంతమంది తిన్నారో చెప్పే వంటమనిషి లాంటిదన్నమాట ఆ సాఫ్ట్‌వేర్. భోజనం చేసినవాళ్ళను అది చూడలేదు. పళ్ళేలు లెక్కపెట్టి అందించేది మేము.

నేను చేరినప్పుడు కంప్యూటర్ లేదు. అట్ట, దానికో క్లిప్పు, క్లిప్పు కింద షీటు, చెవిలో పెన్సిలు. షీటు మీద ఏడు గళ్ళు: మోటారు సైకిలు, మూడు చక్రాలది, కారు, వ్యాను, బస్సు, లారీ, చివర ఇతరాలు. బండి వెళితే ఒక గీత. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. నేను నిలబడిన కూడలిలోంచి ఆయన బస్సు వెళ్ళినా ఒకటే గీత. చెయ్యి ఊపేవారు. నేను ఊపేదాన్ని కాదు, ఊపితే రెండు బళ్ళు తప్పిపోతాయి. ఇంటికొచ్చాక, "కట్టుకున్నవాణ్ణి గీత కింద జమకట్టింది నువ్వొక్కదానివేనే" అని దెప్పేవారు. (నవ్వులు) ఇప్పటికీ దెప్పుతారు.

నాకు పని నేర్పింది మా పెద్దక్క. మొదటి రోజే నేనొక ప్రశ్న వేశాను. నీళ్ళ ట్యాంకరు వచ్చింది, దాన్ని ఏ గడిలో వెయ్యాలి అని. అక్కడున్న నలుగురం అరగంట వాదించుకున్నాం. ఒక అన్నయ్య లారీ అన్నాడు.

"లారీ అంటే ఏంట్రా?" అంది పెద్దక్క.

"సరుకు మోసేది."

"నీళ్ళు సరుకా?"

"కొనుక్కుంటున్నాం కదక్కా, సరుకే."

"కొన్నవన్నీ సరుకైతే నీ బుర్రకూడా కొనుక్కోవాల్సింది, సరుకుండేది. నీళ్ళు సరుకు కాదు. చెత్త సరుకు కాదు. ఆ సిమెంటు కలిపే డ్రమ్ము బండి ఉంది చూడు, అది మొయ్యదు, కలుపుతుంది. ఇవన్నీ ఇతరాలు. అందులో వేసెయ్యండి."

(నవ్వులు) నవ్వకండి, ఆ వేళనుంచి అదే మనకు చట్టం. మరి సైకిళ్ళు, తోపుడుబళ్ళు ఎక్కడ వెయ్యాలని అడిగితే, "వాటికి పొగెక్కడిది తల్లీ, వాటిని లెక్కపెట్టి ఎవరికి లాభం, వదిలెయ్" అంది. వదిలేశాం. కాకపోతే పెద్దక్క ఇంకో మాట కూడా చెప్పింది. ఇతరాల గడిలో గీత గీస్తే, పక్కన మార్జిన్‌లో అదేమిటో ఒక అక్షరం వెయ్యాలని. ట అంటే ట్యాంకరు. చె అంటే చెత్త బండి. డ్ర అంటే డ్రమ్ము బండి. "రేపెవరైనా అడిగితే చెప్పుకోవాలి కదే" అంది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అయినా వేస్తూనే ఉన్నాం. అలవాటు.

తొమ్మిదేళ్ళ కిందట సాఫ్ట్‌వేర్ వచ్చింది, దాన్ని మోడల్ అంటారు, దాన్ని నడపడానికి మోడల్ సారు వచ్చారు. సారు మంచివారు, పిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పేవారు. మా షీట్లలో గడికి ఎంత మొత్తమో ఆ అంకె మాత్రం కంప్యూటర్లో కొట్టాలి. మార్జిన్‌కు కంప్యూటర్లో చోటు లేదు. మొదటిసారి పటం గోడమీద వేసి చూపించిన రోజు నాకు గుర్తుంది. నేను నిలబడిన వీధులన్నీ రంగులేసుకుని కనిపిస్తుంటే, నా కాళ్ళ నొప్పులకు ఒక అర్థం దొరికిందనిపించి, లోపల్లోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఎర్ర వీధుల్లో పగటిపూట లారీలు ఆపారు. ఒక ఆసుపత్రి ముందు రోడ్డు ఎరుపునుంచి పసుపుకు దిగింది. అది మన విభాగం చేసిన మంచి. సార్ల ఎదురుగా ఉన్నానని కాదు, నిజంగానే మంచి.

మూడేళ్ళ కిందట నా మోకాళ్ళు అరిగి, వారంలో రెండు రోజులు కింద అంతస్తులో కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ప్రజలు వచ్చి మా వీధి సంగతేమిటని అడిగితే, తెర మీద వీధి చూసి రంగు చెప్పడం. కూర్చుని చేసే పని దొరికిందని సంబరపడ్డాను. నిలబడితే కాళ్ళు నొప్పి పెడతాయి, కూర్చుంటే ఇంకేదో నొప్పి పెడుతుందని అప్పటికి తెలియదు.

(విరామం)

ఆ కిటికీకి ఒకావిడ వచ్చేది. కుట్టుపని చేసుకునే మనిషి, మెడలో టేపు తియ్యకుండానే వచ్చేది. ట్యాంకర్లు నీళ్ళు నింపుకునే చోటుకు వెళ్ళే వీధి ఆవిడది. మొదటిసారి వచ్చినప్పుడు ఒక తెల్ల చొక్కా తెచ్చి కిటికీలోంచి లోపలికి తోసింది.

"స్కూలు యూనిఫారమమ్మా ఇది. పొద్దున కుట్టి, ఇస్త్రీ చేసి తగిలించాను. సాయంత్రానికి ఇదీ రంగు. ఎవరు తీసుకుంటారు చెప్పు?"

నేను తెరమీద చూశాను. "మీ వీధి పచ్చగా ఉందమ్మా" అన్నాను.

"ఏంటి పచ్చ?"

"పొగ తక్కువని."

"నా చొక్కా చూసి చెప్పు తల్లీ, ఆ డబ్బా చూసి కాదు."

అర్జీ రాసిచ్చింది. పచ్చ వీధుల అర్జీలు ముందుకు వెళ్ళవు, తిరిగొస్తాయి. తిరిగొచ్చింది. రెండోసారి వచ్చింది. ఈసారి వాళ్ళ అత్తగారి గురించి. "కిటికీ తెరవమంటే తెరుస్తాను, మూయమంటే మూస్తాను, రెండిట్లోనూ దగ్గే. ముసల్దానికి నన్ను సాధించడానిక్కూడా ఊపిరి చాలట్లేదమ్మా. సాధిస్తే బాగుండు" అంది. నేను మళ్ళీ చూశాను. పచ్చ. మెల్లగానే చెప్పాను. మెల్లగా చెబితే తప్పు చిన్నదవుతుందని నాకొక భ్రమ. మూడోసారి వచ్చేసరికి, వాళ్ళ వీధి పచ్చగా ఉంది కాబట్టి ఖాళీ ఉందని లెక్కగట్టి, పెద్ద రోడ్డులో ఆపిన లారీలను పొద్దుటిపూట అటు మళ్ళించారు. ఆవిడ ఈసారి అర్జీ తేలేదు. కిటికీ ముందు నిలబడి నన్ను చూసి, "నీది తప్పు కాదులే, నువ్వు చూసి చెప్పేదానివి" అని వెళ్ళిపోయింది.

నన్ను తిట్టి ఉంటే ఇంటికెళ్ళి నిద్రపోయేదాన్ని.

అప్పటికి కెమెరాలు వస్తున్నాయి. కూడళ్ళలో మనుషులు అక్కర్లేదు, కెమెరా చూసి బండి రకం తెలుసుకుంటుంది, మా పాత షీట్లు చూపించి దానికి నేర్పిస్తారు అన్నారు. మాలో చాలామందికి ముందే విరమణ తీసుకోమని కాగితం వచ్చింది. నేనూ సంతకం పెట్టాను. బాధతో కాదు. ఇంక నిలబడలేనని నాకు తెలుసు. అలా షీట్ల కట్ట పట్టుకుని మోడల్ సారు గదికి వెళ్ళిన రోజు, ఆయన కెమెరాల వాళ్ళకు గోడ మీద పట్టిక వేసి చూపిస్తున్నారు. ఏ రకానికి కిలోమీటరుకు ఎంత పొగ అని. బస్సుకు ఇంత, లారీకి ఇంత. చివర ఇతరాలు. దాని ఎదురుగా సున్నా.

నేనెప్పుడూ ఆ గదిలో ప్రశ్న వెయ్యలేదు. ఆ రోజు వేశాను.

"ఇతరాలకి సున్నా ఏంటి సార్?"

"అవి సైకిళ్ళు, తోపుడుబళ్ళు కదమ్మా. వాటికి పొగేముంటుంది?" అన్నారు సారు నవ్వుతూ.

"అలాగని ఎవరు చెప్పారు సార్?"

"ఎవరూ చెప్పలేదు. ఇంకేముంటాయి అందులో?"

కట్ట బల్లమీద పెట్టి బయటికొచ్చేశాను. మెట్ల మీద కూర్చున్నాను. పొగ రాని బళ్ళను మేము లెక్కే పెట్టలేదు. ఇతరాల్లో మేము వేసినవన్నీ పొగ కక్కేవే. ఊరి మొత్తంలో అన్నిటికంటే పాత ఇంజన్లు, అన్నిటికంటే నల్లటి పొగ, అన్నీ తీసుకెళ్ళి తొమ్మిదేళ్ళుగా సున్నాతో హెచ్చవేశాం. మేము వాళ్ళను అడగలేదు, వాళ్ళు మమ్మల్ని అడగలేదు. మాకు తెలిసిందే వాళ్ళకూ తెలుసని మేము, వాళ్ళకు తెలిసిందే మాకూ తెలుసని వాళ్ళు.

పెద్దక్కా, మిమ్మల్ని తప్పు పట్టట్లేదు. అలా తల దించుకోకండి. మీరు మార్జిన్‌లో అక్షరం వెయ్యమన్నారు కాబట్టే ఈ రోజు చెప్పుకోవడానికి ఏదైనా ఉంది.

ఇంకో సంగతి. ఆ ట్యాంకర్ల వీధిలో మూడు రోజులు నిలబడి లెక్కపెట్టింది వేరెవరో కాదు, నేనే. కొంగు ముక్కుకు కట్టుకుని, దగ్గుకుంటూ, ఒక్కో రోజుకు ఆరు వందల పైచిలుకు ట్యాంకర్లను నా చేత్తో ఇతరాల్లో వేశాను. ఆ వీధికి పచ్చ రంగు వేసింది కంప్యూటర్ కాదు. ఆ కుట్టుపని ఆవిడ నీ తప్పు కాదులే అన్నప్పుడు, నాకు తెలియదు కాబట్టి తలూపాను.

తెలిశాక ఏం చేశానంటారా? ఏమీ చెయ్యలేదు. మూడు వారాలు. పొద్దున పూజ దగ్గర కూర్చునేదాన్ని, మాట వచ్చేది కాదు. పదో తరగతి చదివినదాన్ని, ఇంతమంది చదువుకున్నవాళ్ళకు నేనేం చెబుతానని. విరమణ కాగితం కూడా చేతికి రాబోతోంది కదా, ఎందుకొచ్చిన గొడవని. మా ఆయన కనిపెట్టారు. చెప్పమంటే చెప్పాను. ఆయన బస్సు దిగి వచ్చిన మనిషి, కాళ్ళు చాపుకుని విన్నారు.

"రోజూ రెండు పూటలా దేవుడికి దణ్ణం పెడతావు కదా. ఆయన రిజిస్టర్లో ఇతరాలనే గడి ఉంటుందంటావా?" అన్నారు.

"దేవుణ్ణి మధ్యలోకి లాగకండి" అన్నాను.

"నేనెక్కడ లాగాను, నువ్వే పొద్దున్నుంచీ ఆయన ముందు మూగిదానిలా కూర్చుని విసిగిస్తున్నావు. వెళ్ళి మీ సారును విసిగించు."

(నవ్వులు) మర్నాడు మోడల్ సారుకు చెప్పాను. మార్జిన్లు చూపించాను. ఆయన ఆ వీధి ఒక్కటి తెర మీదకు తెచ్చి, ట్యాంకర్లను లారీల గడిలోకి మార్చి మీట నొక్కారు. పచ్చ పోయి ఎరుపు రాలేదు. ఎరుపు కంటే ముదురు రంగు ఒకటుందట, అది నేను అంతకుముందు ఏ వీధికీ చూడలేదు, అది వచ్చింది. సారు బల్ల మీద టీ అలాగే చల్లారిపోయింది. చివరికి, "అమ్మా, నేను ఒక్కసారి మీతో వచ్చి ఆ రోడ్డు మీద నిలబడి ఉంటే సరిపోయేది" అన్నారు. సారూ, ఆ మాట నేను బయటికి చెబుతున్నందుకు క్షమించండి. మీరు అన్నారు కాబట్టే మీమీద గౌరవం పెరిగింది.

ఇద్దరం పెద్దసారు దగ్గరకు వెళ్ళాం. పెద్దసారు కోప్పడలేదు, నాకు కుర్చీ వేయించారు. ఆయన అన్న మాట ఆయన ఎదురుగానే చెబుతున్నాను. "తొమ్మిదేళ్ళ నివేదికలమ్మా. ప్రతి దాని మీదా నా సంతకం ఉంది. ఎన్ని వీధుల రంగు మారుతుందో నాకే తెలియదు. కొత్త పటం వచ్చే నెల ఖాయం చేస్తున్నాం, ఇప్పుడు కదిలిస్తే అంతా కూలుతుంది. మీరు పదిహేను రోజుల్లో వెళ్ళిపోతారు, నేనింకా మూడేళ్ళుండాలి. ప్రశాంతంగా వెళ్ళండి. అయినా రాతపూర్వకంగా ఎవరూ ఏమీ ఇవ్వలేదు కదా" అన్నారు. ఆయన ముఖంలోనూ నా ముఖంలో ఉన్న అలసటే చూశాను. అందుకే నాకు కోపం రాలేదు. ఇప్పటికీ లేదు.

కానీ ఆ చివరి మాట నా చెవిలో పడింది. రాతపూర్వకంగా ఇవ్వలేదు కదా అన్నది.

పాత షీట్లు ఈ నెలాఖరుకు చింపి పారెయ్యాలని ఉత్తర్వు ఉంది. అవి పోతే మార్జిన్లు పోతాయి. మార్జిన్లు పోతే ఇక ఎవరు చెప్పినా నోటి మాటే. కెమెరా కూడా తనకు తెలియని బండిని ఇతరాల్లోనే వేస్తోంది, మా షీట్లు చూసే కదా నేర్చుకుంది. అది అలసిపోదు, విరమణ తీసుకోదు, మెట్ల మీద కూర్చుని ఆలోచించదు. సున్నా అలాగే ఉండిపోతుంది. అందుకని ఈ పదిహేను రోజులూ భోజనాల వేళ నేనూ, ఇక్కడ ముందు వరసలో ఏమీ ఎరగనట్టు కూర్చున్న నా నలుగురు చెల్లెళ్ళూ, రికార్డుల గదిలో చేరి, షీటు నంబరు, వీధి, తేదీ, ట ఎన్ని, చె ఎన్ని, డ్ర ఎన్ని అని వరసగా రాసుకున్నాం. ఈ పదిహేను రోజులూ వీళ్ళు భోజనానికి బయటికి వెళుతున్నారని మీరనుకుని ఉంటే, పాపం, వీళ్ళు తిననేలేదు.

రాసింది తీసుకుని, మన కిటికీ దగ్గరే అర్జీలు తీసుకునే ఇన్‌వర్డ్ బల్లకు వెళ్ళాను. అక్కడ మన ముద్రల బాబాయ్ ఉన్నారు. తేదీ ముద్ర వేసి నంబరు వెయ్యనిదే ఈ ఆఫీసులో కాగితం పుట్టినట్టు కాదు. బాబాయ్ కళ్ళజోడు పైకి తోసి చూశారు.

"అమ్మాయ్, నువ్వు స్టాఫ్‌వి. స్టాఫ్ కాగితం పెద్దసారు సంతకంతో రావాలి. లేకపోతే నేను తీసుకోకూడదు."

"బయటివాళ్ళు తెస్తే?"

"ప్రజలు తెస్తే ఎవరిదైనా తీసుకోవాలి. చింపిరి కాగితమైనా సరే. రూలు."

అప్పుడు తిరిగొచ్చేశాను.

(విరామం)

ఈ రోజు రెండున్నరకు నాకు విరమణ ఉత్తర్వు చేతికిచ్చారు. మీరంతా ఈ హాల్లో కుర్చీలు సర్దుతున్నారు. నేను కిందకి వెళ్ళాను. నా కుర్చీలో కూర్చోవడానికి కాదు. బయటికి వెళ్ళి, కిటికీకి అవతల, వరసలో నిలబడ్డాను. నాతో ఆ కుట్టుపని ఆవిడ ఉంది. పోయిన ఆదివారం వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. మిషను తొక్కడం ఆపి, "అయితే మా వీధిని పచ్చగా చేసింది నువ్వా?" అంది. అవునన్నాను. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. లోపలి గదిలో వాళ్ళ అత్తగారు దగ్గుతోంది, ఆ దగ్గు అయ్యేదాకా ఇద్దరం ఆగాం. తర్వాత ఆవిడ, "కొలత తప్పు తీస్తే గుడ్డ నాశనమవుతుంది. నాకూ జరిగింది. ఏడుస్తూ కూర్చుంటే అతకదు, మళ్ళీ కొలవాలి. ఎప్పుడు రమ్మంటావు?" అంది.

ఈ రోజు వచ్చింది. వరసలో మా వంతు వచ్చాక ఇద్దరి సంతకాలతో అర్జీ లోపలికి ఇచ్చాను. కింద జాబితా, షీట్ల నంబర్లు. ముద్రల బాబాయ్ చూశారు.

"మళ్ళీ ఏంటమ్మాయ్? చెప్పాను కదా, స్టాఫ్ కాగితం..."

"నేను స్టాఫ్ కాదు బాబాయ్."

ఉత్తర్వు చూపించాను. రెండుసార్లు చదివారు. సమయం కూడా చూశారు. అర్జీదారు వృత్తి అని ఒక గడి ఉంటుంది కదా, అక్కడ పెన్ను ఆపి, "ఏం రాయమంటావ్?" అన్నారు.

"ఏం రాస్తారు బాబాయ్ మామూలుగా?"

"ఏమీ తోచకపోతే ఇతరాలు అని రాస్తాం."

(నవ్వులు, చాలాసేపు)

"వద్దు బాబాయ్, బళ్ళు లెక్కపెట్టిన మనిషి అని రాయండి" అన్నాను. రాశారు. ముద్ర వేశారు. గట్టిగానే వేశారు, బల్ల అదిరింది. నంబరు వచ్చింది. బాబాయ్ మీద ఎవరూ కోప్పడొద్దని నా మనవి, ఆయన రూలు ప్రకారం చేశారు. అర్జీలో చూపించిన కాగితాలను అర్జీ తేలేదాకా చింపకూడదన్నది కూడా రూలేనట, ఆయనే చెప్పారు.

పెద్దసారూ, ఇది మీకు రేపు పొద్దున బల్ల మీద కనిపిస్తుంది. వెనకనుంచి వచ్చిందని మీరు అనుకోకూడదని, మీ ఎదురుగా, అందరూ వింటుండగా నేనే చెబుతున్నాను. మిమ్మల్ని నిలదీయడానికి కాదు. నా కూతురి కాన్పప్పుడు అడక్కుండానే సెలవు ఇచ్చిన మనిషి మీరు, నేను మరిచిపోలేదు. అర్జీలో మీ సంతకం గురించి ఒక్క ముక్క లేదు. మొదటి వాక్యమే ఇది: ఫలానా వీధిలో ట్యాంకర్లను ఇతరాలలో వేసింది నేను. తప్పు మొదలైన చోట నా పేరుంది. అక్కడినుంచి దిద్దుకుంటూ రండి, మీదాకా వచ్చేసరికి అది తప్పుగా కాదు, దిద్దుబాటుగా వస్తుంది. ఆ సున్నా తీసి అక్కడ ఎంత వెయ్యాలో మోడల్ సారుకు తెలుసు. వేసి చూడండి. ఎన్ని వీధులు ఎరుపైతే అన్ని కానివ్వండి. ఆ వీధుల్లో ఉన్నవాళ్ళకు రంగు కొత్త కాదు, మనకే కొత్త.

రేపటినుంచి ఆ కిటికీ దగ్గర ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఆ టేపు మెడలో వేసుకున్నావిడ వస్తే పచ్చ అని చెప్పకండి. ఇంకా లెక్క తేలలేదమ్మా అనండి. అంతవరకు అది నిజం.

నాకు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, ఇన్నేళ్ళు నన్ను భరించారు. ఎండలో నీళ్ళ సీసా పంచుకున్న చెల్లెళ్ళకు, పని నేర్పిన పెద్దక్కకు, కుర్చీ వేయించిన పెద్దసారుకు, టీ చల్లార్చుకున్న మోడల్ సారుకు, ముద్ర వేసిన బాబాయ్‌కు, ఇదిగో ఇప్పుడు సైగ చెయ్యడం మానేసి కళ్ళు తుడుచుకుంటున్న మా ఆయనకు, అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. దేవుడు మీ అందరినీ చల్లగా చూడాలి.

ప్రజల అర్జీకి ముప్పై రోజుల్లో జవాబివ్వాలని మన కిటికీ పక్కనే బోర్డు మీద రాసి ఉంది. ఆ బోర్డు దుమ్ము తుడిచేది నేనే, అందుకని నాకు బాగా గుర్తు. ముప్పయ్యో రోజున మేమిద్దరం కిటికీ అవతల వరసలో ఉంటాం. అందాకా సెలవు.